కొట్టుగది తలుపు

తలుపును టాటా ఏస్‌లో పడుకోబెట్టి తాడు బిగిస్తూ డ్రైవర్ కుర్రాడు అడిగాడు, "ఒక్క రెక్కేనా అమ్మా? రెండోది దించాలా?" రెండోది లేదు. కొట్టుగదికి ఎప్పుడూ ఒంటి రెక్కే. ఆరడుగులకు కాస్త తక్కువ ఎత్తు, నాలుగు వేప పలకలు, వెనక మూడు అడ్డకర్రలు. పర్చూరు దగ్గర మా అమ్మమ్మ ఊళ్లో ఇల్లు పడగొట్టిన రోజున మేనమామ దీన్నొక్కదాన్ని పక్కన పెట్టించి గుంటూరు తెచ్చుకున్నాడు. రెండేళ్లు డాబా మీద రేకుల కింద ఉంది. ఇప్పుడు ఆయన గుంటూరు ఇల్లు కూడా అమ్మేసి కొడుకు దగ్గరికి వెళ్లిపోతున్నాడు. "తలుపు నువ్వే పట్టుకెళ్లక్కా" అన్నాడు అమ్మతో. హైదరాబాదు ఫ్లాటులో కొట్టుగది తలుపు ఎక్కడ పెట్టుకుంటాం? పెట్టె చేయిద్దామని అమ్మే అంది. ఎవరిచేత అంటే ఆలోచించకుండా చెప్పింది: "ఈ తలుపు చేసినాయన కొడుకు ఊళ్లోనే ఉన్నాడుగా."

ఫిబ్రవరి మొదటి వారం. మిర్చియార్డు చుట్టుపక్కల లారీలు వరసలు కట్టే రోజులు. మిర్చి టిక్కీలు ఎత్తిన ప్రతి బండీ ఘాటును వెంటేసుకుని పోతుంది. డ్రైవర్ పక్కన కూర్చున్న అమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది కానీ అద్దం మాత్రం ఎత్తనివ్వలేదు. నేను వెనక తలుపు పక్కన, బియ్యం బస్తా మీద. డెబ్బై తొమ్మిదేళ్ల మనిషిని ముందు కూర్చోబెట్టి నేను వెనక ఎక్కడం డ్రైవర్‌కు నచ్చలేదు. కానీ తలుపు కదలకుండా ఎవరో ఒకరు చూడాలి.

పెదనందిపాడు మీదుగా పోయాం. 1921–22లో పర్వతనేని వీరయ్య చౌదరి నాయకత్వంలో పన్నులు కట్టబోమని సర్కారుకు ఎదురుతిరిగిన ఫిర్కా ఇదే. ఊరు దాటగానే రోడ్డుకు రెండువైపులా నల్లరేగడి పరుచుకుంది. ఎండకు బీటలిచ్చి, ఒక్కో నెర్రెలో చెయ్యి మణికట్టు దాకా దిగేట్టుంది. పత్తి ఆఖరి తీతలు అయిపోయి మోళ్లు మిగిలాయి. మిరప చేలల్లో మాత్రం జనం. కళ్లాల్లో పట్టాల మీద కాయ ఆరబోసి ఉంది, ఒక కళ్లానికీ ఇంకో కళ్లానికీ ఎరుపులో తేడా తెలుస్తూనే ఉంది. నీడన కూర్చున్న ఆడవాళ్లు తాలు ఏరుతున్నారు. బండి ఆపి మంచినీళ్లడిగితే ఒకావిడ చెంబు ఇస్తూ తలుపు వంక చూసి, "ఇల్లు కడతన్నారా?" అంది. "లేదమ్మా, పెట్టె" అన్నాను. "ఇంత తలుపుకు ఎంత పెట్టె వస్తది!" అంది. నాకూ అప్పటిదాకా ఆ లెక్క తట్టలేదు.

తలుపు చేసినాయన కొడుకు ఆచారి గారి కొట్టం ఊరి చివర, చెరువు గట్టు కింద. ఆయనకు డెబ్బై దాటాయి. పక్కన కొడుకు పెట్టుకున్న కొత్త షెడ్డులో ప్లైవుడ్ షీట్లు, సన్‌మైకా, చెవులు గింగురుమనిపించే కోత మిషను. కొట్టంలో మాత్రం బాడిశ, ఉలులు, రంపాలు, చేతి చిత్రికలు, అరిగిపోయిన కొయ్య మొద్దు. పూర్వం ఇక్కడ నాగళ్లు, గొర్లు, గుంటకలు, బండి చక్రాలు తయారయ్యేవి. సాగర్ కుడికాలువకు 1967లో నీళ్లు వదిలాక పదిహేనేళ్లు రాత్రిళ్లు కూడా దీపం పెట్టుకుని చేశామన్నాడాయన. తర్వాత ట్రాక్టర్లు ఒకటొకటిగా వచ్చాయి. చక్రం చేయించుకోవడానికి చివరిసారి ఎవరొచ్చారో కూడా గుర్తుంది ఆయనకు.

తలుపు దించగానే ఆయన పలకల జోలికి పోలేదు. వెనక్కి తిప్పించి అడ్డకర్రల చివర్లు వేలితో తడిమాడు. మూడు కర్రలకూ చివరి అంచులు కొద్దిగా ఏటవాలుగా చెక్కి ఉన్నాయి. అన్నేళ్లుగా చూస్తున్నా నా కంటికి ఆనని సంగతి అది.

"మా నాయన చెయ్యే అక్కయ్యా" అన్నాడు అమ్మతో. "అంచు అట్టా వదిలితే చీరకొంగు తగులుకుంటదని చెక్కేసేవాడు. ఎవురూ అడక్కపోయినా చెక్కేవాడు."

"ఇనప మేకులు కొట్టలేదు చూశావా తమ్ముడూ" అంది అమ్మ.

"ఎందుకు కొడతాడు? ఇనుం తుప్పుపట్టి వదులవుద్ది. ఇయ్యి తుమ్మ మేకులు. కర్రలో కర్రయితే కలిసే ఎండుద్ది, కలిసే తడుద్ది."

కానీ ఇనుము ఉంది. ఆయన నాన్న కొట్టింది కాదు, మా వాళ్లు కొట్టింది. కేలండరుకు ఒకటి, ఉల్లిపాయల బుట్టకు ఒకటి, లాంతరుకు ఒకటి. తలలు విరిగిపోయి కర్రలోనే ఉండిపోయిన మేకులు పైకి కనపడవు, రంపం పళ్లను మాత్రం మింగేస్తాయి. పాతకర్రతో పని చెయ్యడానికి వడ్రంగులు వెనకాడేది ఇందుకేనట. పాడైపోయిన స్పీకరు లోంచి తీసిన అయస్కాంతాన్ని దారానికి కట్టి పలక మీద అంగుళం అంగుళం తిప్పాడు. దారం పక్కకి లాగిన చోటల్లా సుద్దతో సున్న చుట్టాడు. పదకొండు సున్నలు తేలాయి. ఒక్కోదాని చుట్టూ సన్న ఉలితో కర్రను నొప్పి పెట్టకుండా తొలిచి, పటకారుతో మేకు లాగడానికి మధ్యాహ్నం దాటిపోయింది. లాగిన మేకుల్ని అమ్మ ఒక కాగితంలో పొట్లం కట్టుకుంది. ఎందుకని నేను అడగలేదు.

తర్వాత పలకలు విడదీశారు. మొదటి పలకకు రంపం పడగానే వేప వాసన వచ్చింది. ఆకు చేదు కాదు, బెరడు చేదు కాదు, ఇంకాస్త లోపలిది, మందుల కొట్టు వాసన లాంటిది. డెబ్బై ఎనభై ఏళ్లు తలుపుగా నిలబడి కూడా ఆ కర్ర తన వాసనను లోపల అట్టిపెట్టుకుంది. పైన బూడిద రంగు తేలిన పలక, కోసిన చోట ఎర్రటి గోధుమ రంగులో మెరిసింది. వేప మహాగని కుటుంబానికి చెందిన చెట్టే. చెదలు అంత తొందరగా ముట్టుకోవు. టేకు కొనలేని ఇళ్లకు ఈ మెట్ట నేలలో ద్వారబంధాలు, తలుపులు, భోషాణాలు వేపతోనే వచ్చాయి. పేదవాడి టేకు అంటుంటారు దీన్ని. ఆ మాట నాకు గిట్టదు. టేకుతో పోలిక లేకుండానే వేప గొప్ప కర్ర.

ఇక్కడొక సంగతి చెప్పాలి, ఈ ప్రయాణమంతా దాని కోసమే కాబట్టి. తలుపు లోపలివైపు, నిలబడ్డ మనిషి చెయ్యి అందే ఎత్తులో, గీతలున్నాయి. మేకు మొనతో గీసినవి. నాలుగు నిలువు గీతలు, వాటిమీద ఒక అడ్డగీత. అలాంటి కట్టలు వరసలు వరసలు. మా అమ్మమ్మకు చదువు రాదు. పత్తి తీతలప్పుడు కూలీల లెక్క ఆవిడదే. తీసిన పత్తిని కుప్పలు పోసి, అందులో కొంత కూలి కింద వాళ్లకే ఇచ్చేవాళ్లు. ఎవరు ఎన్నాళ్లు వచ్చారో కొట్టుగది తలుపు మీద గీత పడేది. లెక్క తీరాక దాని మీద సున్నం బొట్టు పెట్టేది. ఆ సున్నం కర్రలోకి ఇంకిపోయి తెల్లటి మచ్చలుగా ఇప్పటికీ ఉంది. కింది వరసలో చివరి కట్టకు మూడు గీతలే ఉన్నాయి, సున్నం బొట్టు లేదు.

పెట్టె పద్దెనిమిది అంగుళాల పొడవు, పన్నెండు వెడల్పు అనుకున్నాం. మూతకు ఒక్క పలక చాలదు, రెండు అతకాలి. గీతల కట్టలేమో ఒక పలక మీద మొదలై పక్క పలక మీదికి పోయాయి. మామూలుగా రెండు పలకలు అతికేటప్పుడు కలిసే అంచుల్ని వెలుతురు దూరనంత నున్నగా చిత్రిక పడతారు. ఎంత పలుచగా పట్టినా కొంత కర్ర పోతుంది. కర్ర పోతే అడ్డగీతలు అతుకు దగ్గర తెగుతాయి. ఇక మూత లోపలి ముఖానికి చిత్రిక పడితే మొత్తం లెక్కే పోతుంది.

ఆయన చాలాసేపు పలకల్ని పక్కపక్కన పెట్టి చూశాడు. దీపం వైపు ఎత్తి సందులోంచి చూశాడు. కొడుకు షెడ్డులోంచి వచ్చి, "మిషన్ మీద రెండు పట్లు పడితే అయిపోద్దిగా నాన్నా, గీతలు కావాలంటే ఫొటో తీసుకుంటారు" అన్నాడు. కుర్రాడిది కూడా సాయం చేద్దామన్న మాటే. ఆచారి గారు తల అడ్డంగా ఊపాడు. మూత పైముఖానికి మాత్రమే చిత్రిక, లోపలివైపు ముట్టుకోనన్నాడు. అంచులకు చిత్రిక బదులు గాజుపెంకుతో గీకుతానన్నాడు. అన్నట్టే సాయంత్రం దాకా గాజుపెంకుతో గీకుతూ, పలకలు కలిపి చూస్తూ, మళ్లీ గీకుతూ కూర్చున్నాడు. గాజు కింద కర్ర పిండిలా రాలుతోంది. ఎక్కడ కర్ర తియ్యకూడదో తెలిసిన చెయ్యిని అంత దగ్గరగా నేను అంతకుముందు చూడలేదు. మనం రాసినదాన్ని కూడా చిత్రిక పట్టాలంటాం. ఎంత పట్టాలన్నది ఎక్కడ ఆపుతామన్న దాని మీదే ఉందని ఆ గాజుపెంకు పక్కన కూర్చుని అనుకున్నాను.

పక్కలు, అడుగు తయారు కావడానికి మూడు రోజులన్నాడు. మేం ఊళ్లో పిన్ని గారింట్లో దిగాం. మర్నాడు అమ్మను చీరాల మీదుగా వేటపాలెం తీసుకెళ్లాను. 1918లో మొదలైన సారస్వత నికేతనం అక్కడుంది. 1929లో గాంధీ వచ్చి ఆ గ్రంథాలయ భవనానికి శంకుస్థాపన చేశాడు. ఆయన చేతికర్ర ఒకటి ఆ గ్రంథాలయం దగ్గరే ఉండిపోయింది, దాన్ని భద్రంగా దాచారు. పుస్తకాల ఊళ్లో ఒక కర్రను అన్నేళ్లుగా కాపాడుతున్నారంటే అమ్మకు భలే నచ్చింది. జీడిపప్పు కొనుక్కుని వచ్చేశాం.

ఆ పై రోజు భట్టిప్రోలు. తెనాలి నుంచి రేపల్లె పోయే రైలు దారిలో ఉందీ ఊరు. అక్కడికి వచ్చేసరికి రేగడి చేలు పోయి కృష్ణా డెల్టా మాగాణి వస్తుంది. అమ్మకు మోకాళ్ల నొప్పులని నేనొక్కదాన్నే వెళ్లాను. స్తూపం దిబ్బ చుట్టూ కంచె, లోపల గడ్డి, ఇటుకల వరసలు. 19వ శతాబ్దంలో దీని ఇటుకలు రోడ్డు వెయ్యడానికి, పాలరాళ్లు కాలువ పనులకు తరలిపోయాయి. మిగిలినదాన్ని 1892లో అలెగ్జాండర్ రీ తవ్వితే మూడు రాతి పేటికలు బయటపడ్డాయి. రాతి పేటికలో స్ఫటికపు భరిణె, దాంతోపాటు బంగారు పూలు, ముత్యాలు. పెట్టెలో పెట్టె. ఇందులో దొరికిన ధాతువు 1920లో కలకత్తా మహాబోధి సొసైటీ వారి ధర్మరాజిక విహారానికి చేరింది. పేటికలు చెన్నై మ్యూజియంలో ఉన్నాయి.

ఆ పేటికల మీద బ్రాహ్మిలోనే ఈ ఊరికంటూ ప్రత్యేకమైన లిపిలో రాతలున్నాయి. రెండు వేల ఏళ్లకు పైబడినవి. గియోర్గ్ బ్యూలర్ వాటిని చదివాడు. ఒక రాత నన్ను చాలా ఏళ్లుగా వెంటాడుతోంది. కుర అనే అతని తండ్రి, తల్లి, కుర, శివుడనే ఇంకొకరు కలిసి బుద్ధుడి ధాతువులు ఉంచడానికి మంజూషనూ స్ఫటిక పేటికనూ చేయించారని అందులో ఉంది. రాజు మాట కాదిది. ఒక ఇంటివాళ్లు. అమ్మా నాన్నా కొడుకూ కలిసి ఒక పెట్టె చేయించారు. ప్రాకృతంలో వాళ్లు రాయించిన మాట మజుస. మనం ఇప్పటికీ మంజూష అంటూనే ఉన్నాం. ఈ గుంటూరు సీమలో కుటుంబం పెట్టె చేయించడమన్నది ఇంత పాతది. అది తెలిసిన దగ్గర్నుంచి మా వేప పెట్టె నాకు చిన్న పనిగా కనిపించలేదు.

దిబ్బ మీద కూర్చుని ఇంకొకటి కూడా గుర్తు చేసుకున్నాను. అమరావతి స్తూపం ప్రాకారంలో రాతి స్తంభాలకు పక్కన కంటి ఆకారంలో తొలిచిన బెజ్జాలుంటాయి. అడ్డంగా వచ్చే రాతి కమ్మీల చివర్లు వాటిలో దిగుతాయి. రాయికి అలాంటి అతుకు అక్కర్లేదు. అది కర్ర పని. కర్రతో దడులు కట్టిన చేతులే, ఆ పద్ధతినే రాతిలోకి తెచ్చాయి. కుసి, బెజ్జం అని ఆచారి గారు రోజూ అనే మాటలే అక్కడ పాలరాతిలో ఉన్నాయి. కర్రతో కట్టినవన్నీ చివికిపోయాయి, వడ్రంగి ఆలోచన మాత్రం రాతిలో మిగిలింది.

మూడోరోజు పొద్దున మేం వెళ్లేసరికి ఆయన మూలలు కలుపుతున్నాడు. ఒక పలక చివర మొదట్లో సన్నగా, కొసన వెడల్పుగా పళ్లు కోశాడు. రెండో పలకలో వాటికి సరిపడే గూళ్లు. రెండు చేతుల వేళ్లూ ఒకదాన్లో ఒకటి దూర్చినట్టు అవి కలిశాక, ఒకవైపు లాగితే ఎన్నాళ్లకూ ఊడవు. జిగురు నామమాత్రం. వాళ్ల నాన్న రోజుల్లో తోళ్లు ఉడికించి తీసిన వజ్రం అనే బంక వాడేవాళ్లట, కొట్టమంతా కంపు. కొయ్య సుత్తితో కొడుతున్నప్పుడు ఆయన చూపు పెట్టె మీద లేదు, చెవి ఉంది. చప్పుడు బోలుగా ఉన్నంతసేపూ కొట్టాడు, గట్టిపడగానే ఆపేశాడు.

అడుగు పలకకు మాత్రం జిగురు రాయలేదు. పక్కల లోపల గాడి తీసి అందులోకి జారవిడిచాడు. చుట్టూ అరనూలు ఖాళీ. "ఎందుకండీ ఆ సందు?" అన్నాను. "శ్రావణంలో ఉబ్బుద్దమ్మా. సముద్రం గాలి ఇక్కడిదాకా వస్తది. పొడుగు పెరగదు కర్ర, అడ్డం పెరుగుద్ది. బిగించామనుకో, ఎటూ పోలేక పగుల్తది." తలుపుగా ఉన్నన్నాళ్లూ ఈ వేప ఏటా వానలకు ఉబ్బి, ఎండలకు తగ్గింది. వర్షాకాలంలో కొట్టుగది తలుపు పట్టేసి, భుజంతో తోస్తే గానీ తెరుచుకునేది కాదని అమ్మ అందుకుంది.

ఆయన నోట వచ్చిన మాటలన్నీ నేను నోటుబుక్కులో రాసుకుంటున్నాను. గొర్రుకు గింజలు పోసే కొయ్య గిన్నెను జడ్డిగం అంటారని కూడా ఆ రోజే రాసుకున్నాను. కొట్టం మూల ఒకటి పడి ఉంది, ఆడవాళ్ల చేతుల రాపిడికి అంచు అద్దంలా అయింది. ఒంగోలులో 1928లో పుట్టిన భద్రిరాజు కృష్ణమూర్తి ఇలాంటి మాటల కోసం ఊళ్లు గాలింపజేసి, 1962లో వ్యవసాయ వృత్తి పదకోశం తెచ్చారు. ఆ వరసలో మిగతా వృత్తులకూ కోశాలు వచ్చాయి. పనిముట్టు పోతే మాట నిలబడదు. ఆయన సరైన సమయంలో వెళ్లారు. ఇప్పుడు ఆ ఊళ్లలో జడ్డిగం చూపించి పేరడిగితే ఎంతమంది చెబుతారు?

మూతకు ఇత్తడి బందులు కొనుక్కొస్తానంటే ఆచారి గారు వద్దన్నాడు. పాత తలుపుకు బందులుండేవి కావు. కింద, పైన పొడుచుకొచ్చిన మొనల మీద గుంటల్లో తిరిగేది. మూతకూ అదే చేశాడు. తలుపులోంచి తీసిన రెండు తుమ్మ మేకుల్ని సన్నగా చెక్కి, వెనక రెండు మూలల్లో దిగవేశాడు. మూత వాటి మీద తిరుగుతుంది. మొదటిసారి ఎత్తినప్పుడు కిర్రుమంది. అమ్మ గబుక్కున తలెత్తి చూసింది. "అదే చప్పుడు" అంది. అదే కాదేమో, పెట్టె మూతకూ నిలువెత్తు తలుపుకూ ఒకే చప్పుడు ఎలా వస్తుంది? కానీ ఆవిడ విన్నది నేను కాదనలేను.

పైకి అవిసె నూనె పట్టించి గుడ్డతో రుద్దాడు. ఎర్రదనం ముదిరింది. మేకులు లాగిన గుంతలు పదకొండులో నాలుగు పక్కల మీద పడ్డాయి, వాటిని పూడ్చలేదు. మూత లోపల పొడి గుడ్డతో తుడవడం తప్ప ఏమీ చెయ్యలేదు. అతుకు దగ్గర అడ్డగీతలు ఒక పలక మీంచి ఇంకో పలక మీదికి పోతున్నాయి. ఒకటి రెండు చోట్ల వెంట్రుకవాసి దిగాయి, అంతే. సున్నం మచ్చలు ఎక్కడివక్కడే. అమ్మ మూత ఎత్తిపట్టుకుని కట్టలు లెక్కబెడుతూ పోయి, కింద మూడు గీతల దగ్గర ఆగింది. "ఎవరికో ఇవ్వలేదు" అంది. ఆ ఏడు ఏం జరిగిందో ఆవిడకూ గుర్తులేదు. పురుగు పడి పంట పోయిందో, వచ్చే మనిషే రాకుండా పోయిందో. మూడు రోజుల కూలి ఎవరిదో మా పెట్టె మూతకు ఉండిపోయింది. అలా ఉంచడమే సబబని మా ఇద్దరికీ అనిపించింది.

పిన్ని గారబ్బాయి కారు తెచ్చాడు, చిలకలూరిపేట మీదుగా గుంటూరు దింపడానికి. శివరాత్రి దగ్గర పడింది కాబట్టి ఆ దారి ఊళ్లలో కోటప్పకొండ తిరునాళ్లకు ప్రభలు లేస్తుంటాయి, చూసుకుంటూ పోవచ్చన్నాడు. ఎనభై, తొంభై అడుగుల ఎత్తున కర్రతో, వెదురుతో కట్టే ప్రభలు. ఇవాళ్టికీ చేతి పనే. ఆ మాట వినగానే ఆచారి గారి మొహం వెలిగింది. చిన్నప్పుడు వాళ్ల నాన్నతో పోయి ప్రభ అడుగుబండికి ఇరుసు దిగవేసిన సంగతి చెప్పుకొచ్చాడు.

డబ్బులిచ్చాం. ఆయన అడిగింది తక్కువ, అమ్మ ఇచ్చింది కాస్త ఎక్కువ, ఇద్దరూ కాసేపు వాదించుకున్నారు. కారు ఎక్కబోతూ నేనడిగాను, పెట్టె అడుగున మీ పేరు రాయండని. భట్టిప్రోలు పేటిక మీది ఆ వాక్యంలో చేయించిన ఇంటివాళ్ల పేర్లున్నాయి గానీ చెక్కినవాడి పేరు లేదు. అది నా మనసులో ఉంది. ఆయన చెవి మీది పెన్సిల్ తీసి, పెట్టెను బోర్లించి ఒళ్లో పెట్టుకున్నాడు. ముందు ఒక మూలన గాజుపెంకుతో రెండుసార్లు గీకి, పొడి ఊదేసి, నిదానంగా రాశాడు. అమ్మ కళ్లజోడు సర్దుకుని ఒక్కో అక్షరం చదివింది. రాసింది ఆయన పేరు కాదు, తలుపు చేసినాయనది.

"ఇంటిపేరు కూడా రాయి తమ్ముడూ, చోటుందిగా" అంది.

ఆయన ఉలి అందుకుని పెన్సిల్ మొన చెక్కడం మొదలుపెట్టాడు.